పొలిమేర దాటించిన గడ్డ

జయశ్రీని ఈ వారమే మొదటిసారి కలుస్తున్నవారికి నాలుగు మాటలు. గద్వాల అవతల ధరూరు దారిలోని ఒక పల్లె ఆమెది. భర్త మహిపాల్‌తో కలిసి విత్తనాల కంపెనీకి సీడుపత్తి పండిస్తుంది. వానాకాలంలో పత్తిపూలకు చేత్తో పుప్పొడి రాసి క్రాసింగు చేస్తుండగా ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. వనపర్తిలోని ఒక నర్సింగ్‌హోములో సూది పరీక్ష చేసి క్యాన్సరన్నారు. అక్కడి సర్జను గడ్డ తీసి, మందునీళ్ళ సీసాలో వేసి, హైదరాబాదులో ల్యాబుకు చేర్చమని మహిపాల్ చేతికిచ్చాడు. మహిపాల్ వెళ్ళొచ్చాడు. నెల దాటింది, రిపోర్టు మాత్రం రాలేదు. నెలకోసారి హైదరాబాదు నుంచి ఆ నర్సింగ్‌హోముకు వచ్చే క్యాన్సరు డాక్టరు శ్రుతి చివరికి తానే ల్యాబుకు ఫోను చేసింది. జయశ్రీ పేరుతో ఏ సీసా తమ దగ్గరకు రాలేదని వాళ్ళు చెప్పారు.

శ్రుతి ఫోను బల్లమీద పెట్టింది. దానిమీద నుంచి చెయ్యి తీయకుండానే మహిపాల్ వైపు చూసింది.

"సీసా ఎవరికిచ్చారు?"

"ల్యాబుల ఇచ్చిన మేడం."

"ల్యాబులో ఎవరికి?"

"ఒకాయన ఉండె. తెల్లంగి ఏసుకున్నడు."

"పేరు రాసుకోకుండా వాళ్ళు సీసా ముట్టుకోరు. నేను ఆ ల్యాబు చూసినదాన్నే."

మహిపాల్ భుజమ్మీది తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. కార్తీకమాసం. ఆ గదిలో ఫ్యాను కూడా వేయలేదు. చెమట పట్టే కాలం కాదు.

జయశ్రీకి డాక్టరు మీద చిరాకు వచ్చింది. మొగుణ్ణి నలుగురిలో దొంగను నిలబెట్టినట్టు నిలబెట్టి అడుగుతోందనిపించింది. కుర్చీలో ముందుకు జరిగి, నొప్పిగా ఉన్న ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుంది.

"మా ఆయన పొయ్యొచ్చిండు మేడం. పొద్దుగాల మొదటి బస్సుకు పోయి పొద్దుగూకినంక వచ్చిండు. ల్యాబోళ్ళు మంచోళ్ళంట, కూసోబెట్టి చాయ్ గూడ పోసిన్రంట. వాళ్ళే యాడనో పెట్టి మర్చిపోయి ఉంటరు. జర మళ్ళొకసారి చూడమనున్రి."

మహిపాల్ తువ్వాలను మడత పెట్టాడు. ఇంకో మడత పెట్టాడు. ఇక మడతపెట్టడానికి ఏమీ మిగలలేదు.

"చాయ్ పోయలే," అన్నాడు.

"ఏంది?"

"చాయ్ ఎవరూ పోయలే. నేను ఆడిదాంక పోనేలేదు."

బయట కాంపౌండరు ఎవరి పేరో పిలుస్తున్నాడు. ఆదివారం కావటంతో పెబ్బేరు, కొత్తకోట, ఖిల్లా ఘణపూర్ నుంచి వచ్చిన జనం వరండా నిండా ఉన్నారు. ఎవరిదో పసిపిల్ల ఆగకుండా ఏడుస్తోంది. జయశ్రీ ఆ ఏడుపు వింటూ కాసేపు భర్తను చూసింది. ఆ ముఖంలో తను ఎన్నడూ చూడనిది ఏమైనా ఉందా అని వెతికింది. ఏమీ లేదు. రోజూ చూసే ముఖమే.

"మరి సీసా యాడున్నది?"

"బస్సుల మర్చిపోయిన."

"బస్సుల."

"సీటు కింద పెట్టిన. దిగేటప్పుడు యాదికి రాలే."

జయశ్రీ నవ్వింది. నవ్వు ఎందుకు వచ్చిందో ఆమెకే తెలియదు.

"నిరుడు కంపెనోళ్ళు మన గింజల శాంపిలు తీసుకపోయేనాడు సంచి సీలు ఊడింది. యాదికున్నదా? లాటు ఫెయిలైతదని వాళ్ళ జీపెంబడి మోటర్‌సైకిలేసుకొని గద్వాల దాంక ఉరికినవ్. బువ్వ గూడ తినకపోతివి. పత్తిగింజల శాంపిలుకు గంత చేసినోనివి, నా శాంపిలు బస్సుల మర్చిపోయినవా?"

మహిపాల్ తల ఎత్తలేదు.

"గింజ పరీక్షకు పోకుంటే మంచిదో చెడ్డదో చెప్తరా? నువ్వే గదా ఊర్లందరికి చెప్పేటోనివి. శాంపిలు లేంది ఏ సారూ సంతకం పెట్టడని."

"జయా, జర ఊకో."

"ఎందుకు ఊకుండాలె?"

తలుపుకు వేలాడుతున్న తెర కదిలింది. జమ్ములమ్మ లోపలికి వచ్చింది. జయశ్రీ తల్లి ఆమె. కూతురికి ఆపరేషనైనప్పటి నుంచి గట్టు మండలంలోని తన ఊరు వదిలి వచ్చి, కూతురింట్లోనే ఉంటోంది. జొన్నరొట్టెలు కట్టిన మూట చంకలో పెట్టుకుని ఇంతసేపూ తలుపవతల బల్లమీద కూర్చుని ఉంది. మాటలన్నీ వినే వచ్చిందని ముగ్గురికీ అర్థమైంది.

"అల్లుని ఏమనకు," అంది. "ఆయన మర్చిపోలే. నేను తీసిన."

"అత్తా, నువ్వు బయట కూసో," అన్నాడు మహిపాల్.

"ఎన్ని దినాలని కూసుందు బయట? నా పాపం నీ నెత్తినేసుకొని తిరుగుతుంటివి. ఇగ చాలు."

జయశ్రీ తల్లి వైపు తిరిగింది. "ఏం తీసినవే?"

జమ్ములమ్మ నేల మీద కూర్చోబోయింది. శ్రుతి లేచి, తన పక్కనున్న స్టూలు జరిపింది. స్టూలు చివర్న, ఎప్పుడు లెమ్మంటే అప్పుడు లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంది ముసలామె.

"నిన్ను ఇంటికి తీసుకొచ్చిన దినం మాత్రలేసుకొని పండుకుంటివి. అల్లుడు సీసాను గూట్లె పెట్టి, క్రాసింగోళ్ళను పంపనీకె చేనుకు పాయె. తెల్లారి హైద్రాబాదు పోతనన్నడు. నేను పొయ్యికాడికి పోతా చూస్తి. అది లోపల తేలుతుండె." ఆమె ఆగి, కొంగుతో పెదవులు తుడుచుకుంది. "నువ్వు పుట్టినప్పుడు మావిని మా అత్త పెరట్ల పాతిపెట్టె. బొడ్డూడితే అది గూడ మట్టిలనే పెట్టె. ఒంట్లకెళ్ళి వచ్చినదాన్ని మట్టిల పెడుతరు గని, సీసాల తేలనిస్తరా ఎవరన్న? అండ్లనూ అది బీమారిది. బీమారిని ఇంట్ల ఉంచుకోరు. ఊరి పొలిమేర దాటియ్యాలె. అమ్మవారు పోస్తే గట్లనే సాగనంపుతిమి. నాకు తెలిసింది గదే."

"అయితే?"

"తెల్లారగట్ల లేచిన. సీసాలకెళ్ళి నీళ్ళు పారబోసిన. కండ్లు మండినయ్. దాన్ని పసుపునీళ్ళతోని కడిగిన. నా కడుపున పుట్టినదాని ఒంట్ల ముక్క, కడగకుండ ఎట్ల పెడుదు. కొత్త రైకగుడ్డల చుట్టి యాపాకు పెట్టిన. పొలిమేర రాయి అవతల, ఎవరూ దున్నని జాగల పాతిపెట్టిన. మళ్ళ నా బిడ్డ జోలికి రాకు తల్లీ అని మొక్కి, ఎనకకు చూడకుండ వచ్చిన."

మహిపాలే మళ్ళీ నోరు తెరిచాడు. భార్యతో కాదు, డాక్టరుతో చెప్పాడు.

"నేను లేచి చూసేసరికి సీసా కడిగి గిన్నెల పక్కన బోర్లిచ్చి ఉండె మేడం."

"మరి బస్సెక్కి ఎక్కడికి వెళ్ళారు?"

"జడ్చర్లల దిగిన. ఖాళీ సీసా సంచిల పెట్టుకొని బస్టాండుల కూసున్న. పొద్దుగూకే టైముకు మళ్ళ ఇటు బస్సెక్కిన."

"ఖాళీ సీసా తీసుకపోయి ఏం చేద్దామనుకున్నవ్?" జయశ్రీ అడిగింది.

"తెల్వదు. ఇంట్ల ఉంటే నువ్వు అడుగుతవ్ గద."

"నెల దినాలు అడిగిన. రిపోర్టొచ్చెనా అని దినాం అడిగిన. వస్తది, వస్తది అంటివి."

"నిజం చెప్తే మళ్ళ కోస్తరని భయమైంది."

"కోసేది నన్ను. భయం నీకా."

ఆ మాటకు మహిపాల్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు చూసి జయశ్రీ ఇంకో మాట అనబోయి మింగేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను తనతో అబద్ధమాడగా చూడలేదు. పత్తి ధర రెండ్రూపాయలు ఎక్కువ చెప్పమన్నా చెప్పలేని మనిషి. అలాంటివాడు లేని చాయ్‌ని కూడా కల్పించి చెప్పాడంటే, ఆ బస్టాండులో కూర్చుని ఎంతసేపు ఆలోచించుకున్నాడో.

జమ్ములమ్మ మాత్రం డాక్టరు ముఖాన్నే చూస్తోంది. ఆమెకు ఇంకా అర్థం కానిది ఒకటుంది.

"గడ్డయితే పోయింది గద బిడ్డా," అంది శ్రుతితో. "పోయినదానితోని నీకేం పని?"

శ్రుతి కల్వకుర్తిలో పెరిగింది. ఈ యాస, ఈ ప్రశ్న రెండూ ఆమెకు కొత్త కాదు. హైదరాబాదులో చదువుకున్నవాళ్ళు కూడా ఇంకో రకంగా ఇదే అడుగుతారు. కోపంగా చెప్పాలో జాలిగా చెప్పాలో తేల్చుకోలేకపోయింది. చివరికి మామూలుగానే చెప్పింది.

"గడ్డ పోయిందమ్మా. కానీ అది పోకముందే దాంట్లోంచి కొన్ని కణాలు బయల్దేరి ఉండొచ్చు. ఎముకలోనో, కాలేయంలోనో దాక్కుని ఉండొచ్చు. ఉన్నాయో లేవో ఎవరికీ కనబడదు. అందుకే అంచనా కట్టాలి. మనిషిని చూసి కొంత తెలుస్తుంది. వయసెంత, ముట్లు ఆగాయా లేదా, గడ్డ ఎంతుంది, చంకలో బిళ్ళలకు, అంటే లింఫు గ్రంథులకు, పాకిందా. ఇదంతా ఒక సగం. రెండో సగం గడ్డ చెప్పాలి. ఒంట్లోని ఆడ హార్మోనుతో బతికే రకమా కాదా. హర్‌టూ అని ఒక ప్రోటీను ఉంటుంది, అది దాంట్లో ఎక్కువుందా. ఎంత తొందరగా పెరిగే గుణముంది. ఈ రెండు సగాలూ కలిపితేనే మళ్ళీ వచ్చే భయం ఎంత, ఏ మందైతే దాన్ని ఆపుతుంది అని చెప్పగలను. ఒక్క సగంతో చెబితే అది జోస్యం అవుతుంది."

"మందు ఏదో ఒకటి ఇయ్యరాదా?" అన్నాడు మహిపాల్, గోడవైపు నుంచే.

"హార్మోను రకమైతే ఒక మాత్ర ఉంది. రోజుకొకటి, ఏళ్ళ తరబడి వేసుకోవాలి. చాలామందిని కాపాడుతుంది. ఆ రకం కాకపోతే అదే మాత్ర నీళ్ళు తాగినట్టే. ఇంకో రకానికి ఇంకో మందు. గుడ్డిగా ఇస్తే జయశ్రీ ఒంట్లో పనిచేసేదేదో, చేయనిదేదో నాకు తెలియదు."

"నాది ఏ రకం?" అడిగింది జయశ్రీ.

"సూది పరీక్షలో రకం తెలియలేదు. అది చెప్పేది ఆ ముక్కే."

జమ్ములమ్మ గబుక్కున లేచింది. మూట స్టూలు మీదనుంచి జారి కిందపడింది.

"నేను తవ్వుకొస్త. జాగ నాకు యాదికున్నది. ఇప్పుడు బస్సెక్కితే పొద్దుండంగనే పోత. అల్లుడా, లే, పోదం పా."

"అమ్మా," అంది శ్రుతి. "కూర్చో."

"గుడ్డల చుట్టే పెట్టిన బిడ్డా. మట్టి అంటకుండ చుట్టిన."

"మందునీళ్ళల్లో ఉంటేనే అది నిలుస్తుంది. నెల దాటింది. మట్టిలో ఇప్పుడేమీ ఉండదు. తప్పు నీ ఒక్కదానిదే కాదమ్మా. సీసా చేతికిచ్చేటప్పుడు అది ఎందుకో మా దవాఖానలవాళ్ళమూ చెప్పం. ల్యాబులో ఇచ్చిరండి అంటాం, అంతే."

జమ్ములమ్మ నిలబడే ఉంది. చేతులు రెండూ ముందుకు చాపి, అరచేతులను చూసుకుంటోంది. శ్రుతి కూడా ఆ చేతులనే చూసింది. తర్వాత కేసుకాగితం ముందుకు లాక్కుంది. సర్జను చీటీలో గడ్డ తీసినట్టు ఉందిగానీ ఎంతుందో రాసి లేదు.

"నువ్వు దాన్ని చేత్తో పట్టుకున్నావు కదా. ఎంత ఉండింది?"

"నిమ్మకాయంత."

శ్రుతి బొటనవేలూ చూపుడువేలూ కొద్దిగా విడదీసి చూపింది. "ఇంతా?"

"ఇంకా జర పెద్దగ."

వేళ్ళు ఇంకొంచెం ఎడమయ్యాయి.

"ఇంకా."

ఇంకొంచెం.

"ఆఁ. గంత ఉండె."

జయశ్రీ డాక్టరు వేళ్ళ మధ్యనున్న ఖాళీని చూసింది. అంతది తన ఒంట్లో ఉండగా తను చేనులో వంగి మొగ్గలు తీసింది, కూతురు మానసకు జడ వేసింది, బట్టలు పిండింది.

"గట్టిగా ఉండిందా?"

"రాయిలెక్క. కడుగుతుంటే ఒక దిక్కు గరుకుగ తగిలింది."

శ్రుతి రాసుకుంది. రాస్తూనే అడిగింది. "నాకు ఇంకొకటి చెప్పు. బీమారిని పొలిమేర దాటించాలని నీకు ఎవరు చెప్పారు? క్యాన్సరు అనగానే నీకు అది ఎందుకు గుర్తొచ్చింది?"

జమ్ములమ్మ కూతురి వైపు చూసి చూపు దించుకుంది.

"చెప్పు," అంది జయశ్రీ.

"మా చెల్లెకు గిట్లనే అయ్యింది."

"ఏ చెల్లెకు?"

"జోగులమ్మకు. నీ చిన్నమ్మకు."

"చిన్నమ్మ కామెర్లతోని సచ్చిపోయిందంటివి."

"కడకు కండ్లు పచ్చగైనయ్. ఊరంత కామెర్లన్నరు, నేను గూడ గట్లనే అన్న. ముందుగాల రొమ్ముల గడ్డయ్యింది. పుండై పగిలింది. రాయచూరు దవాఖానకు తీసుకపోతే కోసిన్రు. కోసిందాన్ని వాళ్ళేం చేసిన్రో మేం అడగలే. మా పెద్దమ్మ అన్నది, అది ఏ ఇంటి పక్కన పడేసిన్రో, పొలిమేర దాటియ్యక మళ్ళ తిరిగొచ్చింది అని. ఆ మాట నా చెవుల్ల ఉండిపోయింది. నీ సీసా చూస్తే గదే మాట వినపడె."

శ్రుతి కలం ఆగింది. కళ్ళు పచ్చబడింది వేరే కామెర్ల జబ్బుతో కాదు, క్యాన్సరు కాలేయానికి చేరటం వల్ల అయి ఉంటుందని ఆమెకు తట్టింది. ఆ సంగతి ఈ తల్లికి ఇప్పుడు చెప్పి లాభం లేదు.

"ఆమెకు అప్పుడు వయసెంత?"

"నలభై నిండలే."

"ఇంకెవరికైనా?"

"నాకు తెలిసి లేదు."

"మొదటి దినం గీ మేడం అడిగింది," అంది జయశ్రీ. గొంతు పెంచలేదు. "మీ ఇండ్లల్ల ఎవరికన్న ఉండెనా అని అడిగింది. నువ్వు నా పక్కన్నే కూసుంటివి. లేదంటివి."

"నీ పెండ్లప్పటి సంది దాస్తున్న బిడ్డా. మా ఇండ్లల్ల రొమ్ము బీమారి ఉన్నదంటే నిన్ను ఎవరు చేసుకుందురు. దాసి దాసి, అడిగితే లేదనుడే నోటికొస్తది."

మహిపాల్ గోడ దగ్గరనుంచి తిరిగాడు. "నేను చేసుకుందును," అన్నాడు. ఎవరినీ ఉద్దేశించి అన్నట్టు లేదు. జయశ్రీ వినీ విననట్టు ఊరుకుంది.

శ్రుతి కాగితం మీద ఇంకో రెండు మాటలు రాసింది. "నీకు ఆడపిల్లలున్నారా?" అని జయశ్రీని అడిగింది.

"ఒక్కతే. మానస. అయిదో తరగతి."

శ్రుతి తల ఊపింది. ఎందుకు అడిగిందో చెప్పలేదు. జయశ్రీ కూడా ఎందుకని అడగలేదు. ఆ ప్రశ్నతో ఆ గదిలోకి ఇంకో మనిషి వచ్చి కూర్చున్నట్టయింది.

కొంతసేపటికి డాక్టరు చెప్పవలసింది చెప్పింది. ఎటూ ఇంకో ఆపరేషను తప్పదు. చిన్నకోతతో గడ్డ ఒక్కటే తీశారు. రొమ్ము పూర్తిగా తీసి, చంకలోని బిళ్ళలు కూడా తీయాలి. హైదరాబాదులో తన దగ్గరే చేస్తుంది. తీసినదాన్ని అక్కడే పరీక్షకు పంపుతారు, ఎవరి చేతికీ ఇవ్వరు.

"దాంట్ల తెలుస్తదా ఏ రకమో?" అన్నాడు మహిపాల్. ముందుకొచ్చి బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఆ మిగిలిన దాంట్లో, బిళ్ళల్లో, క్యాన్సరు కణాలు ఇంకా ఉంటే తెలుస్తుంది."

"లేకుంటే?"

"లేకపోతే పరీక్ష చేయడానికి ఏమీ ఉండదు. అది మంచిదే. అప్పుడు సగం అంచనాతోనే మందు ఇవ్వాలి."

జమ్ములమ్మ ఈ మాటలను ఒకటికి రెండుసార్లు మనసులో తిప్పుకున్నట్టుంది. "అంటే బీమారి ఉంటేనే మందు దొరుకుతదా," అంది నెమ్మదిగా. "మరి నేను ఏమని మొక్కాలె బిడ్డా. ఉండాలనా, ఉండొద్దనా?"

శ్రుతి కాగితం పక్కన పెట్టి లేచింది. "ముందు ఒకసారి చూస్తాను, రా," అంది జయశ్రీతో.

గదిలో ఓ మూల ఆకుపచ్చ తెర కట్టి ఉంది. దాని వెనక బల్ల. మహిపాల్‌ను ఇవతలే ఉండమంది డాక్టరు. జయశ్రీ ఎడమచెయ్యి భుజం దాకా లేవటం లేదు. ఒక్క చేత్తో రైక హుక్కులు తీయబోతే చిక్కుపడ్డాయి. తల్లి దగ్గరికొచ్చింది. కూతురు వద్దనలేదు, రమ్మనీ అనలేదు. చిన్నప్పుడు స్నానానికి ముందు గుండీలు విప్పినట్టే, తల వంచి ఒక్కో హుక్కూ విప్పింది జమ్ములమ్మ. కుట్లు వేసిన చోట చర్మం ముడుచుకుపోయి మెరుస్తోంది. ఆ మెరుపును ఆమె అంతకుముందు చూసే ఉంటుంది, రోజూ స్నానం పోసేది ఆమే. అయినా ఇప్పుడు చూడలేక తెరమీది మడతలను చూస్తూ నిలబడింది.

"చెయ్యి నొస్తుందా?" అని గొణిగింది.

"నొస్తది."

"మాపటికి నూనె రాస్త."

"ఊఁ."

పుట్టినప్పటి నుంచీ తెలిసిన ఆ చేతుల మీద కోపం తెచ్చుకోవడానికి జయశ్రీ ప్రయత్నించింది. కోపం వచ్చింది కూడా. కానీ ఆ చేతులే కిందపడిన పైటను తీసి, చలిపెట్టకుండా భుజాన కప్పాయి.

శ్రుతి అరచేతులు రుద్దుకుని వెచ్చబరుచుకుంది. కుడివైపు మొదలుపెట్టింది. మెడ, మెడ ఎముకల పైభాగం, కుడిచంక. "బాగుంది," అంది. కుట్ల చుట్టూ వేళ్ళతో మెల్లగా నొక్కింది. "ఇక్కడ కొంచెం గట్టిగా ఉంది, అది గాయం మానినందువల్ల." తర్వాత జయశ్రీ ఎడమచేతిని తన మోచేతి మీద ఆనించుకుంది. "బరువంతా నామీద వెయ్యి. ఊపిరి వదులు."

వేళ్ళు చంకలోకి వెళ్ళాయి. పక్కటెముకల వెంబడి కిందికి దిగాయి. మళ్ళీ పైకి వచ్చాయి. ఒకచోట దాటిపోయి, వెనక్కి వచ్చి, అక్కడ ఆగాయి.

జయశ్రీకి మొదట అది వేళ్ళు ఆగటంలా కూడా అనిపించలేదు. డాక్టరు ఏదో ఆలోచిస్తోందనుకుంది. తర్వాత శ్రుతి ఊపిరి కూడా ఆగిందని తెలిసింది.

"ఏమైంది మేడం?"

శ్రుతి మాట్లాడకుండా జయశ్రీ కుడిచేతిని తీసుకుంది. రెండు వేళ్ళను పట్టుకుని ఎడమచంక లోతుకు తీసుకెళ్ళి, ఒక చోట ఆనించింది. చర్మం కింద పల్లిగింజంత ఉంది. గట్టిగా ఉంది. నొక్కితే పక్కకు జరగలేదు.

"ఇది ఇంతకుముందు లేకుండె," అంది జయశ్రీ.

"లోతుగా ఉంది. చేతికి అందకపోయి ఉంటుంది."

జమ్ములమ్మ కూతురి ముఖమూ డాక్టరు ముఖమూ మార్చి మార్చి చూసింది.

"దీన్ని తీస్తే పరీక్ష అయితదా?" జయశ్రీ గొంతు బాగా తగ్గించింది.

"అవుతుంది. అందులో క్యాన్సరు ఉంటే ఏ రకమో తెలిసిపోతుంది. ఏ మందు ఇవ్వాలో కూడా."

"ఉంటే."

"ఉంటే." శ్రుతి తన చెయ్యి వెనక్కి తీసుకుంది. "అప్పుడు నేను కట్టే అంచనా మారుతుంది జయశ్రీ. గడ్డ సైజు అంతుండి, వయసు ఇంత తక్కువై, మీ చిన్నమ్మది కూడా కలుపుకుని, పైగా చంకలోకి వచ్చిందంటే... తిరిగొచ్చే భయం పెరుగుతుంది. అబద్ధం చెప్పలేను."

"చిన్నమ్మ ఎన్నేండ్లు బతికింది, రొమ్ము కోసినంక?" జయశ్రీ తల్లిని అడిగింది.

జమ్ములమ్మ తల దించుకుని, కూతురి భుజాన పైట మళ్ళీ సర్దింది.

తెర అవతల మహిపాల్ చెప్పులు నేలమీద రాసుకున్నాయి. చాలాసేపటి నుంచి లోపల మాటలు గుసగుసలై, అతనికి వినబడటం మానేశాయి. ఒకడుగు ముందుకు వేసినట్టున్నాడు, తెరమీద నీడ పడింది.

"మేడం," అన్నాడు. "పరీక్షకు పంపనీకె ఏమన్న దొరికిందా?"

నెల తర్వాత మొదటిసారి ఆ గొంతులో ఆశ వినిపించింది. లోపలి నుంచి జవాబు రాకపోయేసరికి మళ్ళీ అన్నాడు.

"దొరికితే ఈసారి నేనే పట్టుకపోత. సీటు కింద పెట్ట. ఒళ్ళె పెట్టుకొని కూసుంట. జయకు చెప్పున్రి, ఈసారి ల్యాబు దాంక పోత."

శ్రుతి తెరవైపు తిరిగి నోరు తెరిచింది. జయశ్రీ ఆమె మణికట్టు పట్టుకుంది. లేవని ఎడమచేత్తో, ఉన్న బలమంతా కూడదీసుకుని పట్టుకుంది.

"ఈ పూటకు ఏం దొరకలేదని చెప్పున్రి మేడం," అంది.